ఎడంచేతి వైపు కిటికీలు

అమెరికా నల్లవాళ్ల బడుల గురించి రాయడానికి నేను చరిత్రకారుణ్ణి కాను. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లు, సమర్తలు, బాప్తిస్మాలు, చావులు ఫొటోలు తీసి బతుకుతున్న మాదిగోణ్ణి. కానీ ఈ చరిత్ర నా దాకా ఫొటోలుగా వచ్చింది. ఫొటో చదవడం నాకు తెలుసు. ఎవరు కుర్చీలో కూచున్నారు, ఎవరు నేలమీద కూచున్నారు, ఎవర్ని పక్కకు జరగమన్నారు, వెలుతురు ఎవరి మొహం మీద పడింది, ఇవి చూసి ఆ ఇంటి సంగతీ ఆ ఊరి సంగతీ చెప్పగలను. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నా.

2021లో జార్జియా యూనివర్సిటీ ప్రెస్ ఒక ఫొటోల పుస్తకం వేసింది. పేరు 'ఎ బెటర్ లైఫ్ ఫర్ దెయిర్ చిల్డ్రన్'. తీసినాయన ఆండ్రూ ఫైలర్, జార్జియాకి చెందిన యూదుడు. మూడున్నర ఏళ్లపాటు 25 వేల మైళ్లు కారులో తిరిగి, 15 రాష్ట్రాల్లో 105 పాత బడుల్ని ఫొటో తీశాడు. ముందుమాట జాన్ లూయిస్ రాశాడు. 1965లో సెల్మా వంతెన మీద పోలీసులు తల పగలగొట్టిన జాన్ లూయిసే. ఆయన చిన్నప్పుడు అలబామాలో చదువుకున్నదీ ఇలాంటి బడిలోనే. పుస్తకం రావడానికి ముందే, 2020 జులైలో చనిపోయాడు. అట్లాంటాలో పని చేసుకుంటున్న మా మేనల్లుడు ఆ పుస్తకం కొని, "మామా, నీ పనికి పనికొస్తది" అని పంపాడు. ఫొటోలన్నీ నలుపు తెలుపే. మొదటిసారి తిరగేసినప్పుడు పెంకుటింటి బడిలాంటి చెక్క ఇళ్లు, ఎత్తు కిటికీలు, చుట్టూ గడ్డి, అంతే కనిపించింది. తర్వాత ఒక్కొక్క బొమ్మ వెనక కథ మా వాడితో ఫోన్లో చదివించుకుని అర్థం చేసుకున్నా.

కథ బానిసత్వం కాడ మొదలవుద్ది. నల్లవాడికి అక్షరం చెప్పడం నేరం అని దక్షిణాది రాష్ట్రాలు చట్టాలు చేశాయి. సౌత్ కరొలైనా 1740లోనే చేసింది. 1831లో నాట్ టర్నర్ తిరుగుబాటు అయ్యాక వర్జీనియా, అలబామా ఇంకా బిగించాయి. శంబూకుడి కథ తెలిసిన వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మన దగ్గర శాస్త్రం రాసినోడు చేసిన పని అక్కడ శాసనసభ చేసింది. 1865లో బానిసత్వం పోయింది. పోగానే నల్లవాళ్లు ముందు అడిగింది రెండు: భూమి, బడి. భూమి ఇవ్వలేదు. 1896లో వాళ్ల సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో తీర్పు చెప్పింది, వేరువేరుగా ఉంచొచ్చు, సమానంగా ఉంటే చాలని. వేరు అనేది అక్షరాలా అమలైంది. సమానం అనేది కాగితంలో ఉండిపోయింది. ఎంత సమానమో చూడండి: సౌత్ కరొలైనా క్లారెండన్ కౌంటీలో 1949-50లో తెల్ల పిల్లోడి మీద ఏడాదికి 179 డాలర్లు, నల్ల పిల్లోడి మీద 43 డాలర్లు ఖర్చు పెట్టారు. అదీ ఇరవయ్యో శతాబ్దం సగం గడిచాక! 1910 నాటికి పల్లెల్లో నల్ల పిల్లల బడంటే ఒక పాత గుడిసో, చర్చిలో ఒక మూలో. పత్తి ఏరే కాలం వస్తే అదీ బంద్.

అప్పుడు ఇద్దరు కలిశారు. ఒకరు బుకర్ టి. వాషింగ్టన్, 1856లో బానిసగా పుట్టి, 1881లో అలబామాలో టస్కీగీ విద్యాలయం మొదలుపెట్టినాయన. రెండోవాడు జూలియస్ రోజెన్‌వాల్డ్, జర్మనీ నుంచి వలసొచ్చిన యూదుల బిడ్డ, షికాగోలో సియర్స్ రోబక్ అనే పెద్ద వ్యాపారానికి అధిపతి. 1912లో తన యాభయ్యో పుట్టినరోజుకి రోజెన్‌వాల్డ్ టస్కీగీకి 25 వేల డాలర్లిచ్చాడు. అందులో మిగిలిన కాస్త డబ్బుతో టస్కీగీ చుట్టుపక్కల ఆరు చిన్న బడులు కడదామని వాషింగ్టన్ అడిగాడు. మొదటిది 1913లో అలబామా లీ కౌంటీ లోచాపోకాలో లేచింది. ఆ పల్లెల్లో తిరిగి పని నడిపించింది క్లింటన్ కాలోవే అనే టస్కీగీ నల్ల ఉద్యోగి. ఆ ఏడే, 1913 జులైలో, మన అంబేద్కర్ న్యూయార్క్‌లో ఓడ దిగాడు. కొలంబియాలో ఆయన చదువుతుండగానే 1915 నవంబరులో వాషింగ్టన్ చనిపోయాడు. 1946లో ఆయన ఉత్తరం రాసింది మాత్రం వాషింగ్టన్‌ని ఎదిరించిన డుబాయిస్‌కి. పనీ పొదుపూ నేర్చుకుని ఒదిగి ఉంటే తెల్లవాడు ఎప్పటికో ఒప్పుకుంటాడని వాషింగ్టన్ చెప్పేవాడు. కులవృత్తి బాగా చెయ్యి, గౌరవం అదే వస్తుందని మనకి చెప్పినోళ్లు లేరా? నాకు డుబాయిసే దగ్గరగా అనిపిస్తాడు. అయినా బడి కట్టినోణ్ణి తక్కువ చేయలేను.

ఆరు బడులు అక్కడ ఆగలేదు. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో దగ్గర దగ్గర 5 వేల బడులయ్యాయి. 4,977 అంటారు లెక్క కట్టినోళ్లు. ఇవిగాక టీచర్ల ఇళ్లు 217, పనిముట్ల షెడ్లు 163. ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలు వాటిల్లో చదివారు. 1928 నాటికి దక్షిణాది పల్లెల్లో నల్ల పిల్లల బడుల్లో ప్రతి అయిదింటిలో ఒకటి ఇదే. వీటికి రోజెన్‌వాల్డ్ బడులని పేరు. ఇచ్చినోడి పేరే బడికి పేరు.

ఇక్కడే నేను ఆగిపోయాను. ఎవరెంత ఇచ్చారో లెక్కుంది. మొత్తం ఖర్చు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. రోజెన్‌వాల్డ్ ఇచ్చింది 43 లక్షల పైచిలుకు. తెల్ల దాతలు ఇచ్చింది 12 లక్షలు. పన్నుల్లోంచి వచ్చింది 1 కోటి 81 లక్షలు. నల్లవాళ్లు తమ చేతుల్తో పోగేసి ఇచ్చింది 47 లక్షలు. మళ్లీ చదవండి. కోటీశ్వరుడి కంటే కూలోళ్లు ఎక్కువిచ్చారు. పైగా ఆ పన్నుల్లోనూ వాళ్ల చెమట ఉంది. వాళ్లు కట్టిన పన్నులు తెల్ల పిల్లల బడులకి పోతుంటే, తమ పిల్లల బడికి మళ్లీ జేబులోంచి తీశారు. తెల్ల పిల్లోడి బడి కోసం వాళ్ల అమ్మానాన్నల్ని ఇలా ఎవరూ చందా అడగలేదు. దీన్ని జేమ్స్ ఆండర్సన్ అనే నల్ల చరిత్రకారుడు 1988లో రాసిన పుస్తకంలో రెండుసార్లు పన్ను కట్టడం అన్నాడు. రోజెన్‌వాల్డ్ పెట్టిన షరతు కూడా అదే, మీరు కొంత వేసుకుంటేనే నేనిస్తానని. దాత దృష్టిలో అది స్వయంసహాయం. కట్టినోడి దృష్టిలో ఏమిటో కట్టినోణ్ణే అడగాలి.

ఎట్లా పోగేశారో వింటే మన పల్లెలే గుర్తొస్తాయి. ఆడోళ్లు కోడికూర వండి అమ్మారు. కౌలురైతులు పత్తి చేలో కొంత చెక్క బడికని విడిచి, దాని మీదొచ్చింది తెచ్చిచ్చారు. ఒకడు చెట్టు కొట్టిచ్చాడు, ఒకడు బండి తోలాడు, ఒకడు రెండెకరాల నేల రాసిచ్చాడు. అలబామాలో ఒక చందా మీటింగులో, బానిసగా పుట్టిన ఒక ముసలాయన లేచొచ్చి, జిడ్డోడుతున్న పాత సంచీ బల్లమీద బోర్లించాడు. చిల్లర పైసలు. లెక్కపెడితే 38 డాలర్లు. బతుకంతా దాచింది అదే. మనవళ్ల బిడ్డలకైనా ఒక దారి ఉండాలని ఇస్తున్నానన్నాడట. ఈ సంగతి ఆ మీటింగు నడిపిన నల్ల ఏజెంటు రాసిపెట్టబట్టి మిగిలింది. ఆ ముసలాయన ఫొటో నేను ఎక్కడా చూడలేదు.

ఫొటోల సంగతికే వస్తా. బడి కట్టడం పూర్తయ్యాక ఫొటో తీయించి ఆఫీసుకి పంపేవాళ్లు. 1920లో ఆ ఆఫీసుని టస్కీగీ నుంచి నాష్‌విల్‌కి మార్చారు. పెత్తనం నల్ల చేతుల్లోంచి ఎస్.ఎల్. స్మిత్ అనే తెల్లాయన చేతికి పోయింది. ఆ కాగితాలన్నీ ఇప్పుడు నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీలో ఉన్నాయి. ఒక్కో బడికి ఒక్కో కార్డు. కార్డు మీద బడి పేరు, కౌంటీ, ఎంతమంది టీచర్లకి సరిపడా ప్లాను, ఎన్నెకరాలు, ఎంతయింది, అందులో నీగ్రోలు ఎంత, తెల్లవాళ్లు ఎంత, సర్కారు ఎంత, రోజెన్‌వాల్డ్ ఎంత అని రాసుంటుంది. దానికి జతగా ఫొటో. వీటిని కంప్యూటర్లోకి ఎక్కించారు. మావాడు చూపిస్తే రాత్రిళ్లు కూచుని వందల్లో చూశాను. చాలా వాటిల్లో మనుషులు లేరు. బడి ఒక్కటే, ఎండలో, ఖాళీగా. నా దగ్గర మనుషులు లేని ఫొటోకి ఎవరూ పైసా ఇవ్వరు. మనుషులు లేకుండా ఫొటో తీయించేది ఎవరంటే బ్యాంకోళ్లు, ఇన్సూరెన్సోళ్లు, బిల్లు పాస్ చేసే ఇంజనీర్లు. అవి లెక్క అప్పజెప్పే ఫొటోలు. ఇదిగో మీ డబ్బు ఇల్లయింది, చూసుకోండి అని. లెక్కలో తప్పు లేదు, 'నీగ్రోలు' అన్న గడిలో అంకె కూడా నిజాయితీగా వేశారు. అంకె ఉంది, మొహం లేదు.

మొహాలున్న ఫొటోలూ ఉన్నాయి. వాటి సంగతి ఇంకో రకం. ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్ అనే తెల్ల ఫొటోగ్రాఫర్ 1899 చివర వర్జీనియాలోని హ్యాంప్టన్ విద్యాలయానికి వెళ్లి తీసిన బొమ్మలు 1900 పారిస్ ఎగ్జిబిషన్లో పెట్టారు. ఒక బొమ్మలో పాత గుడిసెలో ముసలి నల్ల దంపతులు. దాని జత బొమ్మలో హ్యాంప్టన్‌లో చదివినోడి ఇల్లు, టేబులు, గుడ్డ, పిల్లలు. ముందు ఇట్లా ఉండేవాళ్లు, మేం చదువు చెప్పాక ఇట్లా అయ్యారు అని. అదే ఎగ్జిబిషన్లో డుబాయిస్ కూడా జార్జియా నల్లవాళ్ల ఫొటోలు ఆల్బంలుగా కట్టి పెట్టాడు. 363 బొమ్మలు. వాటిల్లో ముందూ లేదు, తర్వాతా లేదు. కోటు వేసుకున్న మనిషి కెమెరాలోకి నేరుగా చూస్తుంటాడు, అంతే. ఎవరు మార్చారు వీణ్ణి అన్న ప్రశ్నకి ఆ ఫొటో జాగా ఇవ్వదు. జాక్సన్ డేవిస్ అనే ఇంకో తెల్లాయన, రాక్‌ఫెల్లర్ డబ్బుతో నడిచే ఎడ్యుకేషన్ బోర్డుకి ఏజెంటుగా 1915 నుంచి దక్షిణాదంతా తిరుగుతూ వేలల్లో నల్ల బడుల ఫొటోలు తీశాడు. ఆయన తీయకపోతే ఆ గుడిసె బడులు ఎట్లా ఉండేవో మనకి తెలిసేది కాదు. ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ ఆ పిల్లల నిలబాటు చూడండి. వరసగా, బిగుసుకుపోయి, తనిఖీకి నిలబడ్డట్టు. నాకు ఆ నిలబాటు తెలుసు.

ఎందుకు తెలుసంటే, మాకూ అమెరికా బాప్టిస్టు దొరలే బడి పెట్టారు కాబట్టి. 1876-78 కరువులో ఒంగోలు క్లవ్ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మా మాదిగోళ్లకి పనిచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మూడేళ్లకి, 1881లో, అదే అమెరికా ఉత్తరాది బాప్టిస్టుల ఇంకో మిషన్ అండతో అట్లాంటాలో ఒక చర్చి నేలమాళిగలో నల్ల ఆడపిల్లల బడి మొదలైంది. అదే ఇప్పటి స్పెల్‌మన్ కాలేజీ. ఒకే సంఘాల చందాలు ఒక చేత్తో మా మాదిగపల్లెకీ, ఇంకో చేత్తో నల్లవాళ్ల పేటకీ చేరాయి. ఈ సంగతి మా పాస్టర్లెవరూ మాకు చెప్పలేదు. ఫూలే మాత్రం 1873లోనే 'గులాంగిరి'ని బానిసత్వం రద్దు కోసం పోరాడిన అమెరికా వాళ్లకి అంకితమిచ్చి ఈ ముడి వేశాడు. మిషన్ పాత ఫొటోల్లో దొర, దొరసాని కుర్చీల్లో ఉంటారు. మన పిల్లలు నేలమీద, చేతులు కట్టుకుని. పేర్లు రాస్తే దొరవే రాస్తారు.

ఆ పుస్తకం మా అమ్మకి చూపించాను. ఎనభై దాటింది, అయినా చూపు బాగుంది.

"ఏందిరా ఇది, గుడా బడా?"

"బడేనమ్మా. అమెరికాలో నల్లోళ్లు కట్టుకున్నది."

"మనదీ ఇట్టాంటిదే గదా. పగలు బడి, ఆదివారం గుడి." కొంచెంసేపు చూసి అంది: "కిటికీలు మాత్రం మనకి ఇన్ని లేవు."

"మన బడి మిషనోళ్లు కట్టారు గదమ్మా" అన్నాను, ఏమంటుందో విందామని.

"మిషనోళ్లు రేకులిచ్చారు. మట్టి ఎవరు తొక్కారు? నాలుగు నెలలు మీ తాత పగలు రెడ్లకి పనిచేసి, రాత్రి లాంతరు పెట్టుకుని గోడ లేపాడు. పంతులయ్యకి జీతమెవరిచ్చారనుకున్నా? వారం వారం ఇంటింటికీ వచ్చి పిడికెడు బియ్యం అడిగితే, వండుకునే బియ్యంలోంచి ముందు ఆ పిడికెడు తీసేదాన్ని. లేనిరోజు అప్పు తెచ్చి మరీ ఇచ్చా."

గోడమీద రాయి మీద దొర పేరుంది. మా తాత పేరు లేదు. నేను ఆ రోజునుంచి ఆ అమెరికా కార్డుల్లో నాలుగు గడుల్నీ వేరే కన్నుతో చూస్తున్నా. వాళ్లకి కనీసం గడి ఉంది. మా పిడికెడు బియ్యానికి ఏ కార్డులో గడి ఉంది?

అమ్మ కిటికీల మాట అంది గదా. అసలు ఆ బడుల్లో నన్ను పట్టేసింది అవే. పల్లెల్లో కరెంటు లేదు. అందుకని ప్లాను గీసినోళ్లు వెలుతుర్నే లెక్కేసి కట్టారు. 1915 నాటి మొదటి ప్లానులు టస్కీగీలోనే తయారయ్యాయి. గీసినవాళ్లలో రాబర్ట్ టేలర్ ఒకడు, అమెరికా ఎంఐటీలో ఆర్కిటెక్చర్ చదివి బయటికొచ్చిన మొదటి నల్లవాడు. తర్వాత స్మిత్ ఆఫీసు వాటిని పెంచి పుస్తకంగా వేసింది. బడిని ఏ దిక్కుకి తిప్పాలి, కిటికీలు ఒక్కొక్కటిగా కాక వరసగా ఎలా పెట్టాలి, గోడలకి ఏ రంగు వెయ్యాలి, దొడ్డి ఎంత దూరంలో ఉండాలి, అన్నీ ఉన్నాయి అందులో. తూర్పు వెలుతురో పడమటి వెలుతురో గదిలోకి రావాలి. బెంచీలు ఎట్లా వెయ్యాలంటే, వెలుతురు పిల్లోడి ఎడంచేతి వైపునుంచి పడాలి. కుడిచేత్తో రాస్తుంటే చేతి నీడ అక్షరం మీద పడకూడదు. స్టూడియోలో మేం కిటికీ పక్కన మనిషిని కూచోబెట్టేటప్పుడు ఇదే చూస్తాం. నీడ ఎటు పడుద్దని. నల్ల కౌలుకూలీ బిడ్డ పలకమీద నీడ పడకూడదని తలపెట్టి ఆలోచించినోళ్లున్నారంటే, ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఊళ్లో హైస్కూల్లో మా మాదిగపల్లె పిల్లల జాగా చివరి వరస, గోడవార. అక్కడ కిటికీ లేదు. ఎవరూ కూచోమని చెప్పలేదు, కూచోవద్దనీ చెప్పలేదు, అది మా జాగా అని అందరికీ తెలుసు.

ఫొటో ఊరికే జ్ఞాపకం కాదు, సాక్ష్యం. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, ఫార్మ్‌విల్ ఊరు. అక్కడి మోటన్ హైస్కూలు రోజెన్‌వాల్డ్ డబ్బుతో కట్టింది కాదు, 1939లో 180 మంది కోసం కట్టిన నల్ల పిల్లల బడి. పదేళ్లు తిరిగేసరికి 450 మంది దాటారు. కొత్త గదులు కట్టమంటే చెక్కలకి తారు కాగితం అంటించి షెడ్లు వేశారు. చూసినోళ్లు కోళ్లఫారం అనుకునేలా ఉండేవి. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల పిల్ల బడి మొత్తాన్ని సమ్మెకి లేపింది. కేసు కోర్టుకి పోయింది. ఆ కేసులో సాక్ష్యాలుగా రెండు బడుల ఫొటోలూ దాఖలు చేశారు: తారు కాగితం షెడ్లు, తెల్లపిల్లల ఫార్మ్‌విల్ హైస్కూలు. అవి ఇప్పటికీ అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వేరు గానీ సమానం అన్న వాదనకి ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే చాలు. వకీలు నోరు విప్పక్కర్లేదు. ఆ కేసూ, క్లారెండన్ కేసూ, మరికొన్నీ కలిపి విన్నదే 1954 బ్రౌన్ తీర్పు. తీర్పొచ్చాక ఆ కౌంటీ పెద్దలు ఏం చేశారు? నల్ల పిల్లల్తో కలిపి కూచోబెట్టడం ఇష్టం లేక 1959 నుంచి 1964 దాకా అయిదేళ్లు సర్కారు బడులన్నీ మూసేశారు. చెరువులో మనం నీళ్లు ముంచుకుంటే చెరువే పూడ్చేసేవాళ్లు మన దగ్గరే కాదు, అక్కడా ఉన్నారు.

మరి ఆ అయిదు వేల బడులేమయ్యాయి? గెలిచాక పోయాయి. అదే ఇందులో చేదు. 1960ల చివర పిల్లల్ని కలిపినప్పుడు తెల్ల బడులు మిగిలాయి, నల్ల బడులు మూతపడ్డాయి. వేలమంది నల్ల టీచర్ల ఉద్యోగాలు పోయాయి. ఇంకో సంగతి, మొదట్లోనే స్థలమూ బడీ సర్కారు బడి బోర్డు పేరున రాసివ్వాలనేది షరతు. బోర్డుల్లో ఉండేది తెల్లవాళ్లు. నల్లవాళ్లు నేలిచ్చి, కలపిచ్చి, 38 డాలర్ల సంచీ బోర్లించి కట్టుకున్న బడిని, మూసేశాక బోర్డు వేలం వేసింది. చాలాచోట్ల మళ్లీ వాళ్లే చందాలేసి కొనుక్కున్నారు. అంటే మూడోసారి కట్టారన్నమాట. కొన్ని గడ్డి దాచుకునే కొట్టాలయ్యాయి. ఇప్పుడు నిలబడినవి దగ్గరదగ్గర 500. అందులోనూ బాగుచేసినవి సగమే. 2002లో నేషనల్ ట్రస్ట్ వీటిని ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో పెట్టింది. అంతకుముందే జార్జియా బార్టో కౌంటీలో, 1923లో కట్టిన నోబుల్ హిల్ బడిని అక్కడ చదివినవాళ్లే పూనుకుని 1989లో మ్యూజియం చేశారు.

ఫైలర్ ఫొటోలు ఈ మిగిలిన వాటివి. మొదట బయటినుంచి బడులు మాత్రమే తీద్దామనుకున్నాడట. తిరగ్గా తిరగ్గా లోపలికి పోవాల్సొచ్చింది. లోపలికి పోవాలంటే తాళం ఉన్న మనిషిని అడగాలి. ఆ మనిషి ఆ బడిలో చదివినోడో, వాడి కూతురో. అట్లా మనుషులొచ్చారు బొమ్మల్లోకి. ఫిస్క్ కార్డులో లేని మొహం తొంభై ఏళ్లకి ఇట్లా వచ్చి చేరింది. నాకు నచ్చిందేమంటే ఫైలర్ వాళ్లని నవ్వమనలేదు, దీనంగా చూడమనలేదు. నేను పెళ్లిళ్లలో చేసేదీ అంతే, ఒకసారి నిలబెట్టాక నోరు మూసుకుంటా.

అందులో ఒక బొమ్మ అలబామా మేకన్ కౌంటీలోని షైలో బడి. టస్కీగీకి దగ్గరే. పక్కన చర్చి, స్మశానం. 1932 నుంచి 1972 దాకా అమెరికా సర్కారు ఆరోగ్యశాఖ ఆ కౌంటీలో 600 మంది నల్ల మగవాళ్ల మీద సిఫిలిస్ అధ్యయనం చేసింది. అందులో 399 మందికి రోగముంది. వైద్యం చేస్తున్నామని చెప్పి, చెయ్యకుండా, ఎట్లా చస్తారో రాసుకున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ మనుషుల్ని పోగుచేసిన చోట్లలో ఈ షైలో ఒకటి. అంతకుముందు అదే చోట సిఫిలిస్‌కి వైద్యం చేసే కార్యక్రమానికి డబ్బిచ్చింది రోజెన్‌వాల్డ్ ఫండే. మాంద్యం వచ్చి డబ్బు ఆగింది, వైద్యం ఆగింది, రాసుకోవడం మాత్రం ఆగలేదు. ఒకే ఊరు, ఒకే చెట్ల నీడ. నమ్మి బడికొచ్చినట్టే నమ్మి సూదికొచ్చారు.

రోజెన్‌వాల్డ్ డబ్బు కెమెరాకి కూడా వచ్చింది. ఆ ఫండ్ నల్ల రచయితలకీ కళాకారులకీ ఫెలోషిప్పులిచ్చింది. 1942లో ఆ ఫెలోషిప్ అందుకున్న మొదటి ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్. దాంతో వాషింగ్టన్ నగరం పోయాడు. హోటల్లో అన్నం పెట్టలేదు, సినిమాహాల్లోకి రానీయలేదు. కసితో, సర్కారు ఆఫీసులో నేల తుడిచే ఎల్లా వాట్సన్ అనే ఆమెని చీపురుతో, తడిగుడ్డ కర్రతో, అమెరికా జెండా ముందు నిలబెట్టి తీశాడు. మన మునిసిపాలిటీలో మూడోజాము నుంచి ఊడ్చే మా అక్కలు ఆ బొమ్మ చూస్తే వేరే వివరణ అక్కర్లేదు.

పార్క్స్ ఇంకో పని చేశాడు, అది నాకింకా దగ్గరిది. ఆయన కాన్సాస్ రాష్ట్రం ఫోర్ట్ స్కాట్‌లో నల్ల పిల్లల బడిలో చదివాడు. 1950లో 'లైఫ్' పత్రిక పంపితే తిరిగి ఆ ఊరెళ్లి, తనతోపాటు 1927లో బడి ముగించిన పదకొండు మందిని వెతికాడు. ఊళ్లో ఒక్కరే మిగిలారు. మిగతావాళ్లని కాన్సాస్ సిటీ, సెయింట్ లూయిస్, షికాగో, డెట్రాయిట్ ఇట్లా ఊరూరా తిరిగి పట్టుకున్నాడు. ఇద్దరు తప్ప అందరూ దొరికారు. ఇంటి ముందు, పెళ్లాం పిల్లల్తో నిలబెట్టి తీశాడు. బడి గోడ కాదు, బడి నుంచి బయటికొచ్చిన మనుషులు ఎక్కడ తేలారన్నదే ఆయన ఫొటో. పత్రిక దాన్ని అచ్చెయ్యలేదు. 2015లో బోస్టన్ మ్యూజియంలో పెట్టేదాకా ఆ బొమ్మలు చూసినోళ్లు తక్కువ.

అది చదివాక నేను మా బడి రిజిస్టరు కోసం తిరిగాను. దొరకలేదు. మన ఉద్యమాల్లో కారంచేడు ఫొటోలున్నాయి, చుండూరు ఫొటోలున్నాయి. ఉండాల్సిందే. శవాల ఫొటోలు మన దగ్గర ఉన్నాయి, బడుల ఫొటోలు లేవు. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో ఆది హిందువుల పిల్లలకి ఒకటి కాదు, ఎన్నో బడులు పెట్టి నడిపాడని సభల్లో చెప్పుకుంటాం. ఆ బడి గదిలో కూచున్న ఒక పిల్లోడి ఫొటో మీలో ఎంతమంది చూశారు? చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు రిసెర్చి అంటూ లైబ్రరీలు తిరుగుతున్నారు. మీ పేటలో కూలిపోయే బడి ఉంటే వాన రాకముందు ఒకసారి పోయి రండి. ఫోన్లో కెమెరా ఉంది గదా.

నేను 2021 నుంచి కుదిరినప్పుడల్లా తీస్తున్నా. పెళ్లికని పోయిన ఊళ్లో పొద్దున్నే లేచి పేట బడి చూసొస్తా. ఇప్పటికి పదిహేడయ్యాయి. తీసేముందు అడిగేవి మూడే: మట్టి తొక్కిందెవరు, బియ్యమిచ్చిందెవరు, ఇక్కడ చదివి ఎవరెక్కడున్నారు. బతికున్నవాళ్లని గుమ్మంలో నిలబెడతా. ఒకామె పలక పట్టుకుని నిలబడతానంది. వద్దు పెద్దమ్మా, నువ్వుంటే చాలన్నాను. ఆమె ఒప్పుకోలేదు, పలకే తెచ్చుకుంది.

మొన్న చూసిన బడికి తాళం వేసుంది. లోపల ఎవరివో యూరియా బస్తాలు. తాళం ఎవరిదంటే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. నేల ఎవరి పేరున ఉందో చూద్దామని ఎమ్మార్వో ఆఫీసుకి పోయి అడంగలు అడిగాను. గుమాస్తా నా మెడలో కెమెరా చూసి, "పేపరోళ్లా?" అన్నాడు. కాదు, ఆ బడి కట్టినోళ్ల మనుషులం అన్నాను. సోమవారం రమ్మన్నాడు.